సంఘంలో మాటలు లేకుండా పోయాయా? సమాధానపడడానికి ఎలా వెళ్లాలి

"అక్కా, ఆమె కూర్చున్న వరసలో నేను కూర్చోలేకపోతున్నాను. బల్లలో ఎలా పాలుపొందమంటారు?"

చెన్నైలో, పెరంబూరు వైపు మా తెలుగు సంఘంలో స్త్రీల సమాజం పని చూడడం మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. బల్ల అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్ల. గొడవలు మాత్రం రకరకాలు. క్వయర్‌లో ముందు వరస ఎవరిది అని ఒకసారి, చీటీ డబ్బుల దగ్గర ఒకసారి, పెళ్లికి కార్డు ఇచ్చారు గాని నోటితో పిలవలేదని ఇంకోసారి. ఒక్కొక్కరికి ఫోన్‌లో అరగంట చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. "తప్పు వాళ్లది, వాళ్లే రావాలి" అని మనందరం అంటాం. మత్తయి 5:23, 24 చూడండి. నీ మీద నీ సహోదరునికి విరోధం ఉందని బలిపీఠం దగ్గర గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. అంటే నొప్పించినవాళ్లు వెళ్లాలి. మత్తయి 18:15 చూడండి. నీ సహోదరుడు నీ యెడల తప్పిదం చేస్తే నీవు పోయి మాట్లాడు అన్నాడు. అంటే నొచ్చుకున్నవాళ్లూ వెళ్లాలి. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చదివితే "వాళ్లే రావాలి" అనడానికి ఎవరికీ చోటు మిగలదు. ఇద్దరూ మాట వింటే సగం దారిలో ఎదురుపడతారు. కాబట్టి కింద రాసినదంతా మీరే బయల్దేరుతున్నారని అనుకుని రాశాను.

ఇది ఎవరికి కాదు

ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్లకు, పిల్లల మీద లైంగిక దాడి జరిగిన సందర్భాలకు ఈ పద్ధతి కాదు. దయచేసి ఇక్కడ ఆగి చదవండి. కొట్టే మనిషి దగ్గరికి "ఒంటరిగా వెళ్లి మాట్లాడు" అని ఎవరైనా వాక్యం చూపించి చెబితే వినకండి, అది చెప్పింది సంఘ పెద్ద అయినా సరే. ముందు భద్రమైన చోటికి వెళ్లండి. స్త్రీల హెల్ప్‌లైన్ 181, పిల్లలకు 1098, అత్యవసరమైతే 112. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ ఇచ్చే చట్టం 2005 నుంచి ఉంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం అలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం కూడా నేరమే. "సంఘం పరువు పోతుంది, కోర్టుకెళ్లొద్దని పౌలు రాశాడు" అంటారు. 1 కొరింథీ 6లో పౌలు మాట్లాడింది విశ్వాసులు ఒకరి మీద ఒకరు వేసుకునే వ్యాజ్యాల గురించి. నేరాన్ని కప్పిపెట్టమని ఆయన ఎక్కడా అనలేదు. అధికారులు దేవుని పరిచారకులని రోమా 13లో రాసినదీ ఆయనే.

కావలసినవి

- ఒక తెల్ల కాగితం, పెన్ను.
- డబ్బు సంగతైతే రసీదులు, లెక్కల పుస్తకం, బ్యాంకు మెసేజ్‌లు. గుర్తున్నంతలో చెప్పే లెక్క గొడవను పెంచుతుంది.
- మీ కోసం ప్రార్థన చేసే ఒక్క మనిషి. వివరాలు అడగని మనిషిని చూసుకోండి. "శుక్రవారం ఒక కష్టమైన మాట మాట్లాడాలి, ప్రార్థన చేయండి" అంటే చాలు.
- ఇద్దరికీ తొందరలేని ఒక గంట.

1. ముందు, వెళ్లాలా వదిలేయాలా తేల్చుకోండి

ప్రతిదానికీ వెళ్లక్కర్లేదు. తప్పు చూసీ చూడనట్టు పోవడం మనిషికి ఘనత అని సామెతలు 19:11 చెబుతుంది. ఆరాధన అయ్యాక హడావుడిలో మీకు వందనాలు చెప్పకుండా వెళ్లిపోయారా? కూర బాగోలేదన్నారా? వదిలేయండి.

తేల్చుకోవడం ఎలా అంటే, మూడు రోజులు ఆగండి. ప్రార్థనకు మోకరించినప్పుడల్లా అదే గుర్తొస్తోందా? ఆ మనిషి వస్తున్నారని తెలిసి కూడికకు మానేస్తున్నారా? ఆ తప్పు వల్ల ఇంకెవరికైనా నష్టం జరుగుతోందా? ఒక్కదానికి అవును అన్నా వెళ్లాలి. దేనికీ కాకపోతే వదిలేయండి. అలా వదిలేసినదాన్ని వచ్చే క్రిస్మస్‌కి మళ్లీ పైకి తీయకూడదు.

"మూడు రోజులంటున్నారు, సూర్యుడు అస్తమించేలోగా కోపం పోవాలని ఎఫెసీ 4:26లో ఉంది కదా" అని అడుగుతారు. ఆ వచనం కోపాన్ని నిలవ పెట్టుకోవద్దంటుంది. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి తేల్చుకోమనడం లేదు. సాయంత్రానికల్లా కోపాన్ని దేవుని ముందు పెట్టండి, మాటలకు మాత్రం కాస్త టైమ్ ఇవ్వండి.

2. కాగితాన్ని రెండుగా మడవండి

నేను అందరి చేతా గట్టిగా చేయించేది ఇదే. ఎడమవైపు "జరిగింది" అని రాయండి. కుడివైపు "నేను అనుకున్నది". ఎడమవైపు మీ కళ్లతో చూసినది, చెవులతో విన్నది తప్ప ఇంకేమీ రాయకూడదు.

నా కాగితం ఎలా ఉందో చెబుతాను. ఒక డిసెంబరులో క్యారల్స్ చందాల లెక్క నా చేతిలో ఉంది. జనవరి మీటింగులో ఒక పెద్దాయన లేచి, "రసీదు పుస్తకం ఒకటి తక్కువుందే, లెక్క చూసుకున్నారా అమ్మా?" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. ఆ రోజు నుంచి ఆయనకు నేను వందనాలు చెప్పలేదు. ఆయన ముందు గుమ్మం దగ్గర ఉంటే నేను పక్క తలుపు నుంచి వెళ్లేదాన్ని. అయిదు నెలలు అలాగే గడిచాయి.

కాగితం మడిచి రాయడానికి కూర్చుంటే ఎడమవైపు ఒక్క వాక్యం వచ్చింది, ఆయన అన్న ఆ ఒక్క వాక్యమే. కుడివైపు పేజీ నిండిపోయింది. "నన్ను దొంగ అన్నారు. కావాలనే అందరి ముందు అన్నారు. మా ఆయన ఊళ్లో లేరని చూసి అన్నారు." రాసినవాటిని మళ్లీ చదువుకుంటే నా చేతులు చల్లబడ్డాయి. ఆయన అనని మాటలకు నేను అయిదు నెలలుగా కోపం మోస్తున్నాను.

మీ ఎడమవైపు పేజీ నిజంగానే నిండితే నిండనివ్వండి. అది చిన్న విషయం కాదని దానివల్ల మీకే తెలుస్తుంది. ఈ కాగితం మాత్రం ఫొటో తీసి ఎవరికీ పంపకండి.

3. మీ వంతు వెతకండి

నలుసు, దూలం సంగతి మనకందరికీ కంఠతా వచ్చు. మత్తయి 7:5లో "మొదట" అన్న మాట ఉంది. ముందు మన కంట్లో దూలం తీసుకుంటే అవతలివాళ్ల కంట్లో నలుసు తీయడానికి తేటగా కనబడుతుందట. అంటే నలుసు తీయొద్దని కాదు, వరస ముఖ్యం.

కాగితం వెనక్కి తిప్పి, ఈ గొడవలో మీరు చేసినది రాయండి. తప్పు నూటికి తొంభై వాళ్లదే కావచ్చు. మీ పది మీరు రాయండి. నా పది ఏమిటంటే, ఆ రసీదు పుస్తకం ఫిబ్రవరిలోనే దొరికింది. వేరే బృందంతో వెళ్లిన కుర్రాడి సంచిలో ఉండిపోయిందట. తెచ్చి ఇచ్చాడు. నేను లెక్కలో చేర్చాను. పెద్దాయనకు మాత్రం చెప్పలేదు. చెబితే ఆయన అడిగినది న్యాయమే అవుతుంది, నా కోపానికి ఆధారం పోతుంది. అందుకే చెప్పలేదు. ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఏమీ తోచకపోతే ఈ ప్రశ్న వేసుకోండి: ఈ సంగతి ఎంతమందికి చెప్పాను? వాళ్లకు చెప్పకముందు అసలు మనిషికి చెప్పానా?

4. ఫోన్ చేసి టైమ్ అడగండి

సంగతంతా ఫోన్‌లో మాట్లాడేయకండి, టైమ్ మటుకు అడగండి. ఇలా అనొచ్చు: "అన్నయ్య గారూ, వందనాలండి. జనవరి మీటింగు సంగతి నా మనసులో ఉండిపోయింది. మీతో ఒక అరగంట కూర్చుని మాట్లాడాలి. నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఎప్పుడు రమ్మంటారు?" "మీతో ఒక విషయం మాట్లాడాలి" అని మాత్రం అని పెట్టేస్తే వాళ్లు రెండు రోజులు టెన్షన్‌తో గడిపి, కవచం తొడుక్కుని కూర్చుంటారు. సంగతేమిటో ఒక ముక్క చెప్పండి.

వాట్సాప్‌లో వద్దు. రాసిన మాటకు గొంతు ఉండదు. మీరు మెల్లగా అనుకుని రాసినదాన్ని వాళ్లు గట్టిగా చదువుకుంటారు, ఆ పైన స్క్రీన్‌షాట్ తీస్తారు.

ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర వద్దు. బయట ఆటో ఆగి ఉంటుంది, పిల్లలు ఆకలంటుంటారు, నలుగురు చూస్తుంటారు. మే నెల కత్తిరి ఎండల్లో మధ్యాహ్నం పూట అసలు వద్దు. ఎండన పడి వచ్చిన మనిషికి ఓపిక ఎక్కడిది? సాయంత్రం ఆరు దాటాక వాళ్లింట్లోనో, మెరీనాలో ఇసుక మీదో, రద్దీ తగ్గిన రైల్వే స్టేషన్ బెంచీ మీదో కూర్చోండి. వాళ్లింటికి మీరు వెళ్లడం అన్నిటికన్నా మంచిది. గుమ్మం దాకా వచ్చిన మనిషిని చూస్తేనే సగం కోపం దిగుతుంది.

అవతలివాళ్లు మగవాళ్లు, మీరు ఆడవాళ్లు, లేదా అటూఇటూ అయితే "ఒంటరిగా" ఎలా అని అడుగుతారు. ఇంట్లో వాళ్లు ఉన్నప్పుడు వెళ్లి, తలుపు తీసి ఉన్న గదిలో కూర్చోండి. మనుషులు కనబడాలి, మాటలు మాత్రం మీ ఇద్దరికే వినబడాలి. ఒంటరిగా అన్నమాటకు ఇక్కడ అర్థం వాళ్ల పరువు నలుగురిలో పోకూడదని. ఎంత మంచి మాట!

5. చెప్పండి, గద్దించకండి

మన తెలుగు బైబిల్లో మత్తయి 18:15 "ఒంటరిగా నున్నప్పుడు అతనిని గద్దించుము" అని ఉంటుంది. ఈ గద్దించడం అన్న మాట మనవాళ్లను చాలా ఇబ్బంది పెట్టింది. ఇప్పటి వాడుకలో గద్దించడమంటే కసురుకోవడం. దాంతో కసురుకోవడానికి వాక్యంలో అనుమతి ఉందనుకుని వెళతారు. అక్కడి గ్రీకు మాటకు తప్పును తేటపరచి చూపించడం, ఒప్పించడం అని అర్థం. వచనం చివర చూడండి, "నీ సహోదరుని సంపాదించుకొంటివి" అంటుంది. మీరు వెళ్లేది మనిషిని సంపాదించుకోవడానికి. వాదన నెగ్గి మనిషిని పోగొట్టుకుంటే నష్టమే.

వరస ఇలా పెట్టుకోండి. ముందు మీ వంతు తప్పు చెప్పండి, పూర్తిగా. తర్వాత ఎడమవైపు రాసినది చెప్పండి. తర్వాత అది మీకు ఎలా తగిలిందో చెప్పండి. చివర అడగండి.

"పుస్తకం ఫిబ్రవరిలో దొరికింది అన్నయ్యా, మీకు చెప్పకుండా ఉన్నాను. అది నా తప్పు, క్షమించండి. ఆ రోజు మీటింగులో లెక్క చూసుకున్నారా అన్నారు. నన్ను అనుమానిస్తున్నారని నాకు అనిపించింది, అందరి ముందు సిగ్గేసింది. మీరు ఏ ఉద్దేశంతో అడిగారో చెప్పండి."

"మీరెప్పుడూ ఇంతే" అనకండి. "అందరూ అనుకుంటున్నారు" అనకండి. అందరూ అక్కడ లేరు. "నేను కాదు, దేవుడే నాతో మాట్లాడి మిమ్మల్ని హెచ్చరించమన్నాడు" అని మొదలుపెట్టకండి. అవతలివాళ్లు ఇక మీతో కాదు, దేవునితో వాదించాల్సి వస్తుంది. వాళ్ల నోరు మూయించడానికి దేవుని పేరు వాడకూడదు.

6. వినండి

వినడానికి వేగిరపడాలి, మాట్లాడడానికి నిదానించాలి, కోపించడానికి నిదానించాలి అని యాకోబు 1:19. మనం ఈ మూడింటినీ తలకిందులుగా చేస్తాం. వాళ్లు చెబుతుంటే మధ్యలో అందుకోకండి. ఆపాక, "అంటే మీరనేది ఇదేనా" అని వాళ్ల మాట వాళ్లకే తిరిగి చెప్పండి. వాళ్లు "అవును" అనేదాకా మీ జవాబు మొదలుపెట్టకండి.

నేను వెళ్లిన సాయంత్రం ఆ పెద్దాయన వరండాలో కూర్చుని తాటి ముంజలు ఒలుస్తున్నారు. లోపల వంటింట్లో వాళ్లావిడ ఉన్నారు. నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఆయన తల ఎత్తలేదు. బొటనవేలితో ముంజ పొర లాగుతున్నారు, నీళ్లు కారి మోచేతి దాకా వెళుతున్నాయి, తుడుచుకోవడం లేదు. చాలాసేపటికి అన్నారు: "ముందు ఏడాది ఇంకొకరి లెక్క గురించి వెనక చాలా గుసగుసలు పోయాయమ్మా. నీకు అలా కాకూడదని ఎదురుగా అడిగేశాను. పక్కకు పిలిచి అడగాల్సింది. తొందరపడ్డాను." ఒలిచిన ముంజ నా చేతిలో పెట్టారు.

ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని చెప్పను. వాళ్లు కోప్పడితే, గొంతు పెంచితే, మీరు గొంతు తగ్గించండి. "మృదువైన మాట క్రోధమును చల్లార్చును" అని సామెతలు 15:1. అది పనిచేయడం నేను కళ్లారా చూశాను. పావుగంటకీ వేడి తగ్గకపోతే, "ఇవాళ్టికి చాలండి, వచ్చే వారం మళ్లీ వస్తాను" అని లేవండి. లేవడం ఓడిపోవడం కాదు.

7. క్షమాపణ అడిగేటప్పుడు, ఇచ్చేటప్పుడు

"మీకు బాధ కలిగి ఉంటే సారీ" క్షమాపణ కాదు. "ఉంటే" అన్నారంటే అనుమానం ఇంకా అలాగే ఉందన్నమాట. "నేను ఇది చేశాను, తప్పు, క్షమించండి" అని ఆపేయండి. "కానీ" అన్న మాట రానివ్వకండి.

డబ్బు గాని వస్తువు గాని పోయి ఉంటే తిరిగి ఇవ్వాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య కన్నీళ్లతో సరిపెట్టలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకెంతో, ఏ తారీఖుకో కాగితం మీద రాసుకోండి. విశ్వాసుల మధ్య కాగితాలెందుకని మొహమాటపడకండి. రెండో గొడవ రాకుండా కాపాడేది ఆ కాగితమే.

క్షమించేవాళ్లు ఏం చేయాలి? ఏడుసార్లు చాలా అని పేతురు అడిగితే ప్రభువు "డెబ్బది ఏళ్ల మారులు" అన్నాడు. మన పిల్లలు దీన్ని డెబ్బై సంవత్సరాలు అనుకుంటారు, పెద్దవాళ్లు కూడా కొందరు. అక్కడ ఏళ్లు అంటే ఏడులు, అంటే డెబ్బై సార్లు ఏడు. లెక్క పెట్టడం మానేయమని దాని అర్థం. అయితే క్షమించడం వేరు, నమ్మకం తిరిగి ఇవ్వడం వేరు. చీటీ డబ్బు వాడేసుకున్న మనిషిని ఇవాళే క్షమించవచ్చు, చీటీ మాత్రం మళ్లీ ఆయన చేతికి ఇవ్వక్కర్లేదు. నమ్మకానికి టైమ్ పడుతుంది, అది సంపాదించుకోవాల్సింది ఆయనే.

8. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లండి

కనీసం రెండుసార్లు ఒంటరిగా వెళ్లాకే ఈ అడుగు. రెండుసార్లన్నది వాక్యంలో లేదు, నా అనుభవంతో చెబుతున్నాను. మొదటిసారి మనిషి తన్ను తాను కాపాడుకుంటాడు. ఇంటికి పోయి ఆలోచించి, రెండోసారి మాట్లాడతాడు.

ఎవరిని తీసుకెళ్లాలన్నది చాలా ముఖ్యం. మీ తరఫు మనిషి వద్దు, మీ మరిది వద్దు, మీకు బాకీ ఉన్నవాళ్లు వద్దు. ఇద్దరి మీదా గౌరవం ఉన్నవాళ్లు, అవసరమైతే "తప్పు నీదే" అని మీతో అనగలిగినవాళ్లు కావాలి. వాళ్లకు ముందుగా మీ కథంతా నూరిపోయకండి. మొదట మాట్లాడినవాడి పక్షమే న్యాయంగా కనబడుతుందని, ఎదుటివాడు వచ్చాక సంగతి తేటపడుతుందని సామెతలు 18:17 హెచ్చరిస్తుంది.

ఫిలిప్పీ సంఘంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పడలేదు. ఇద్దరూ సువార్త పనిలో పౌలుతో కలిసి ప్రయాసపడినవాళ్లే. పౌలు ఎవరిది తప్పో రాయలేదు. ఇద్దరినీ విడివిడిగా బతిమాలి, దగ్గరున్న ఒక సహకారిని వాళ్లకు సాయం చేయమన్నాడు (ఫిలిప్పీ 4:2, 3). మధ్యవర్తిగా వెళ్లేవాళ్లు వెళ్లే ముందు ఆ రెండు వచనాలు చదువుకోండి. బతిమాలడం చిన్నతనం కాదని అర్థమవుతుంది.

9. అప్పటికీ కాకపోతే

సంఘానికి చెప్పమన్నాడు ప్రభువు. అంటే ఆదివారం మైకు పట్టుకోవడం కాదు. పాస్టర్ గారికి, పెద్దలకు, మీతో వచ్చిన ఇద్దరినీ వెంటబెట్టుకుని చెప్పండి. సంఘం మాట కూడా వినకపోతే అన్యునిగా, సుంకరిగా ఎంచమన్నాడు. సుంకరి అంటే పన్నులు వసూలు చేసేవాడు, అప్పట్లో అందరూ దూరం పెట్టే మనిషి. దీన్ని వెలివేయడానికి వాడుతుంటారు. సుంకరులతో కూర్చుని భోజనం చేసింది ఎవరు? ఆ సువార్త ఎవరి పేరున ఉంది? సుంకరి మత్తయి పేరునే. సంఘంలో వాళ్ల బాధ్యత ఆగవచ్చు, పలకరింపు మాత్రం ఆగకూడదు.

కొన్నిసార్లు ఇద్దరూ మంచివాళ్లే అయినా కలిసి పనిచేయలేరు. మార్కును వెంట తీసుకెళ్లాలా వద్దా అన్నదాని మీద పౌలుకూ బర్నబాకూ తీవ్రమైన వాదం వచ్చి విడిపోయారు. బర్నబా మార్కును తీసుకుని కుప్రకు, పౌలు సీలను తీసుకుని సిరియ, కిలికియల వైపు వెళ్లారు (అపొస్తలుల కార్యములు 15). చివరికి అదే మార్కు తనకు పరిచర్యలో ప్రయోజనకరమైనవాడని, వెంటబెట్టుకు రమ్మని పౌలే రాశాడు (2 తిమోతి 4:11). వేరువేరు పనుల్లో ఉండాల్సి వస్తే ఉండండి. ఒకరి పని గురించి ఒకరు చెడు చెప్పుకోకండి.

ఎంతకాలం పడుతుందని అడిగితే, మన ఊళ్లోనే ఒక లెక్క ఉంది. కతీడ్రల్ రోడ్డులోని సెయింట్ జార్జ్ కతీడ్రల్‌లో 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు అనే క్రైస్తవ శాఖలు ఒక్కటయ్యాయి. కలవడం గురించిన ఆ మాటలు 1919లో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో మొదలయ్యాయి. ఒకే బల్ల దగ్గరికి రావడానికి 28 ఏళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నిటికన్నా ఎక్కువ చూసేది, ప్రార్థనలో గుచ్చడం. ఇళ్లలో పెట్టుకునే కాటేజ్ ప్రేయర్‌లో కళ్లు మూసుకుని, "ప్రభువా, మా మధ్య గర్వంతో ఉన్నవారిని విరగగొట్టు" అంటాం. ఎవరి గురించో గదిలో అందరికీ తెలుసు. ఆ మనిషి జవాబు చెప్పలేరు, ఎందుకంటే అది ప్రార్థన. దేవునితో మాట్లాడే మాటను పక్కవాళ్ల మీద రాయిలా విసరడం నాకు చాలా బాధగా ఉంటుంది. వాట్సాప్ స్టేటస్‌లో వచనాలు పెట్టడం కూడా ఇలాంటిదే. వాళ్లు చూశారా లేదా అని మళ్లీ మళ్లీ తెరిచి చూస్తున్నారంటే ఆ వచనం మీరు ఎందుకు పెట్టారో మీకే తెలుసు.

రెండోది, ప్రార్థన మనవి పేరుతో చాడీ. "ఫలానా వాళ్లింట్లో సంగతి తెలుసుగా, ప్రార్థన చేయండి" అని పదిమందికి చెబుతాం. ప్రార్థన ఒక్కరు చేస్తే, కబురు పదిమందీ మోస్తారు.

మూడోది, "ప్రభువే చూసుకుంటాడు" అని ఊరుకోవడం. పగ తీర్చుకోవడం ఆయనకు వదిలేయాలి, నిజమే (రోమా 12:19). వెళ్లి మాట్లాడడం మాత్రం ఆయన మనకు వదిలాడు. పని మనది అయినప్పుడు ఆయన మీద వేయడం విశ్వాసం కాదు.

ఇంకొకటి, పిల్లల్ని మధ్యలోకి లాగడం. పెద్దవాళ్ల గొడవకు సండే స్కూల్లో పిల్లలు పక్కపక్కన కూర్చోవడం మానేస్తే, వెంటనే సరిచేయండి.

కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

చేతులు కలిపి, కలిసి ప్రార్థించి, కన్నీళ్లు వచ్చినంత మాత్రాన అయిపోయిందనుకోకండి. ఆ రోజు వేడిలో ఏదైనా జరుగుతుంది. ఆరు వారాల తర్వాత చూసుకోండి.

వాళ్ల పేరు ఫోన్‌లో కనబడితే కడుపులో తిప్పుతోందా? వాళ్లకు మంచి జరిగితే, అంటే పిల్లాడికి సీటు వచ్చిందని తెలిస్తే, మీ నోటి వెంట స్తోత్రం తేలిగ్గా వచ్చిందా? వాళ్ల గురించి మీ ముందు ఎవరైనా చెడు మాట ఎత్తితే మీరు ఆపారా, ఇంకొంచెం చెప్పనిచ్చారా? నాకు ఈ చివరి ప్రశ్నే అసలైన పరీక్ష. అక్కడ తప్పితే మూడో అడుగుకు తిరిగి వెళ్లి కాగితం మళ్లీ తీయండి.

వాళ్లు అసలు తలుపే తీయకపోతే? రోమా 12:18 చూడండి: "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి." శక్యమైతే అనీ ఉంది, మీ చేతనైనంత మట్టుకు అనీ ఉంది. వెళ్లారు, చెప్పారు, విన్నారు, మీ తప్పు ఒప్పుకున్నారు. మిగతాది వాళ్ల చేతిలో ఉంది. బల్లకు వెళ్లకుండా ఉండిపోకండి. కనబడినప్పుడల్లా వందనాలు చెప్పండి, తిరిగి చెప్పకపోయినా సరే. ఇలా రెండేళ్లు ఏకపక్షంగా వందనాలు చెప్పిన ఒక సహోదరిని నాకు తెలుసు. రెండో ఏడాది ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనలో అవతలి ఆమె పక్కకు జరిగి చోటిచ్చారట. ఆ రోజు కూడా మాటల్లేవు.

సంఘం బయట అయితే

ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో, విశ్వాసులు కాని బంధువులతో గొడవైతే 1 నుంచి 7 దాకా అలాగే చేయండి. వచనాలు మీ మనసులో ఉంచుకోండి, వాళ్ల మీద పెట్టకండి. 8కి బదులు ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషిని పిలవండి. ఆస్తి పంపకాలైతే వకీలు సలహా తీసుకోవడంలో తప్పు లేదు, అన్నదమ్ముల మధ్య వకీలు నోటీసు రాకముందే మీ కాళ్లతో మీరు ఒకసారి వాళ్లింటికి వెళ్లి రండి.

మీ సంఘంలో బల్ల మొదటి ఆదివారమైతే శనివారం రాత్రి దాకా ఆగకండి. బుధవారమో గురువారమో ఫోన్ చేస్తే, వాళ్లు "శుక్రవారం రండి" అనడానికి చోటుంటుంది.